పొద్దున లేవగానే తుమ్ములా? ఏది పడట్లేదో పట్టుకుని, అదుపులో పెట్టుకోవడం ఎలా

"అన్నా, సిట్రిజిన్ ఓ నాలుగు గోలీలియ్యి." మెడికల్ షాపులో కూర్చున్న రోజు నుంచి ఎక్కువసార్లు విన్న మాట ఇదే. గోలీలు చింపి ఇచ్చి చిల్లర వెతుకుతుంటే రెండో ప్రశ్న వస్తుంది, "ఇవి ఎన్నాళ్లని మింగాలన్నా, అసలు నాకు ఏది పడట్లేదంటావ్?" వెనక ఇంకో నలుగురు నిలబడి ఉండగా కౌంటర్ మీద చెప్పే జవాబు కాదది. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని, పైగా పదేళ్లు పొద్దున్నే వరసగా తుమ్మిన మనిషిని. ఇందులో ఎక్కువ భాగం ముక్కు అలర్జీ గురించే, మన దగ్గర ఎక్కువమంది బాధ అదే కాబట్టి.

ముందు ఇది చదవండి, మిగతాది తర్వాత

ఏదైనా తిన్నాక, మందు వేసుకున్నాక, తేనెటీగో కందిరీగో కుట్టాక, నిమిషాల్లోనో గంటా రెండు గంటల్లోనో ఇవి కనబడితే ఇంట్లో కూర్చుని చూసే వ్యవహారం కాదు: పెదాలు, నాలుక వాచడం, గొంతు బిగుసుకుపోవడం, మాట మారడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు లేచి దాంతోపాటు వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం. 108కి ఫోన్ చేయండి, లేదా ఏ బండి దొరికితే ఆ బండిలో దగ్గర్లోని ఆసుపత్రికి. దీనికి అసలు మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండకు వేస్తారు. అవిల్ లాంటి అలర్జీ గోలీ ఇచ్చి "కాసేపు చూద్దాం" అనడంలోనే టైమంతా పోతుంది. మనిషిని పడుకోబెట్టి కాళ్ల కింద దిండు పెట్టండి, ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టండి, లేపి నడిపించొద్దు. తగ్గిపోయిందని వెంటనే ఇంటికి తీసుకురావొద్దు, కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్లీ వస్తుంది.

కావలసినవి

ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. రెండు వారాల ఓపిక. ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు, లేదా వాటి ఖాళీ షీట్లు. దద్దుర్లు వచ్చేవాళ్లయితే ఫోన్ కెమెరా, ఎందుకంటే డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి అవి మాయమైపోతాయి. ఇంకా మీ దిండు గలీబు విప్పి లోపల ఎలా ఉందో చూసే ధైర్యం.

1. అది అలర్జీయేనా అని ముందు తేల్చుకోండి

ముక్కులో, కళ్లలో, అంగిట్లో దురద, వరసపెట్టి తుమ్ములు, నీళ్లలా కారే ముక్కు, జ్వరం లేకపోవడం, వారాల తరబడి ఉండటం, ఇవన్నీ ఉంటే అలర్జీ అనుకోవచ్చు. ఒళ్లు నొప్పులు, గొంతు నొప్పి, వెచ్చదనంతో మొదలై వారం పది రోజుల్లో పోయేది మామూలు జలుబు. ఒక్క వైపు ముక్కే ఎప్పుడూ మూసుకుపోతుంటే, రక్తమో చెడు వాసనో వస్తుంటే ఈ నోట్‌బుక్ పనులేవీ పెట్టుకోకుండా ముక్కు-చెవి-గొంతు డాక్టర్‌కి చూపించండి. రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు ఉన్నా డాక్టర్ దగ్గరికే, ముక్కు అలర్జీ ఉన్న చాలామందికి ఆస్తమా కూడా ఉంటుంది.

మిరపకాయలు వేయిస్తే తుమ్ములు రావడం అలర్జీ కాదు, ఇంట్లో అందరూ తుమ్ముతారు. అది ఘాటు. అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ పొగ కూడా ఇలాంటివే, అలర్జీ పుట్టించవు గానీ ఉన్న అలర్జీని రెచ్చగొడతాయి.

ఇంకో మాట. "నాకు ఇస్నోఫీలియా ఉందన్నా" అనేవాళ్లు మన దగ్గర బోలెడుమంది. అది రోగం పేరు కాదు. రక్తంలో ఒక రకం తెల్లకణాల లెక్క పెరిగిందని అర్థం, మామూలుగా అది మైక్రోలీటరు రక్తంలో 500 లోపు ఉంటుంది. అలర్జీ వల్ల పెరుగుతుంది, కడుపులో పురుగుల వల్లా, కొన్ని మందుల వల్లా పెరుగుతుంది. అది చూసి మీకు ఏది పడదో ఎవరూ చెప్పలేరు. నేనూ చాన్నాళ్లు ఆ రిపోర్టు పట్టుకునే తిరిగాను.

2. రెండు వారాలు నోట్‌బుక్ రాయండి

ఇదే అసలు పని, అందరూ ఎగ్గొట్టేదీ ఇదే. తుమ్ములో దురదో మొదలైనప్పుడల్లా ఐదు ముక్కలు రాయండి: టైము, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, సున్నా నుంచి పదిలో ఎంత బాధ, ఏ గోలీ వేసుకున్నారు. బాధ లేని రోజు కూడా "0" అని రాయాలి, ఆ సున్నాల్లోనే సమాధానం దొరుకుతుంది. నా పాత నోట్‌బుక్‌లో ఇలా ఉంది:

మంగళవారం, 5.50, మంచం మీదే, ఇంకా లేవలేదు, 11 తుమ్ములు, 7.
బుధవారం, 6.00, మంచం, 9 తుమ్ములు, 7.
గురువారం, అత్తగారి ఊరు, అరుగు మీద చాప, తుమ్ముల్లేవు, 0.
శుక్రవారం, అక్కడే, 0.
శనివారం, ఇంటికొచ్చాం, పొద్దున 13 తుమ్ములు, 8.

అత్తగారి ఊళ్లో మా ఇంటికన్నా దుమ్మెక్కువ. అయినా సున్నా. పదేళ్లు రోడ్డు దుమ్మును తిట్టుకున్నవాణ్ని ఆ రెండు సున్నాలు చూసి నా మంచం వైపు తిరిగాను.

రెండు వారాలయ్యాక ఇలా చదువుకోండి. లేవగానే, పడకగదిలో ఎక్కువైతే పరుపులోని డస్ట్ మైట్ల (కంటికి కనబడని సన్నటి పురుగులు) మీద అనుమానం. వానాకాలంలో, గోడ చెమ్మగా ఉన్న గదిలో ఎక్కువైతే ఫంగస్. పాత స్టోర్‌రూములో, వంటింటి అరలు సర్దేటప్పుడు అయితే బొద్దింకల్ని కూడా లెక్కలోకి తీసుకోండి, వాటి మలం, రాలిన పొట్టు చాలామందికి పడవు. ఆఫీసులోనే అయితే ఏసీ ఫిల్టరు చూడమనండి. బయట, ఖాళీ ప్లాట్ల పక్కన, వానలు పడి మొక్కలు పూతకొచ్చాక ఎక్కువైతే పుప్పొడి. అందులో మన దగ్గర పెద్ద దొంగ వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అనేది దాన్నే. 1950ల్లో పుణె వైపు కనబడి తర్వాత దేశమంతా పాకింది. ముక్కుకే కాదు, ముఖం, మెడ, చేతుల మీద మొండి దురద కూడా తెస్తుంది. ఇంటి చుట్టుపక్కల ఉంటే పూత రాకముందే, చేతులకు గ్లౌజులు వేసుకుని పీకించండి. పడనివాళ్లు మాత్రం ఆ పనికి దిగొద్దు. డివైడర్ల మీది కోనోకార్పస్ చెట్లను తిట్టేవాళ్లు కూడా ముందు నోట్‌బుక్ చూసుకుని తర్వాత తిట్టండి.

తరచూ జరిగే తప్పు: బాధ ఎక్కువున్న రోజులే రాయడం. ఇంకోటి, సాయంత్రం కూర్చుని రోజంతా గుర్తు తెచ్చుకుని రాయడం. అలా రాస్తే మీరు ముందే అనుకున్నదే అందులో కనబడుతుంది.

3. పడక దగ్గర మొదలుపెట్టండి

నోట్‌బుక్ పడకగది వైపు చూపిస్తే ఇది మీకు. డస్ట్ మైట్ కంటికి కనబడదు, మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు, కుట్టదు, కరవదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని, పరుపులో దిండులో చెమ్మ పట్టుకుని బతుకుతుంది. మనకు పడనిది ప్రధానంగా దాని మలం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాల్లో తేమ ఎక్కువ కాబట్టి దానికి ఇంకా సుఖం.

అ) దుప్పట్లు, గలీబులు, కప్పుకునేవి వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. మీ వాషింగ్ మెషీన్‌లో హీటరు ఉంటే ఆ బటనుంటుంది. లేకపోతే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లు బకెట్లో పోసి అరగంట నానబెట్టి తర్వాత ఉతకండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు.

ఆ) దిండు. నాది బూరుగు దూది దిండు, మా పెళ్లికి కుట్టించింది. గలీబు విప్పితే గోధుమరంగు మరకలు, ఇండియా మ్యాపులా. వరండాలో ఎండలో పెట్టి ఒక్క దెబ్బ కొడితే, వాలుగా పడుతున్న ఎండలో లేచిన పొడి చాలాసేపు కిందికి దిగలేదు. ఆ తర్వాత నాకు పదిహేను తుమ్ములు. దాన్ని ఉతకడం కుదరదు, పారేశాను. ఉతకడానికి వీలున్న దిండు కొనుక్కోండి, దానికీ పరుపుకీ జిప్పు ఉండే, నేత బాగా దగ్గరగా ఉండే కవర్లు వేయండి.

ఇ) పరుపు ఎండలో వేయడం మంచిదే, మన వేసవి ఎండ తేమను పీల్చేస్తుంది, మైట్లు తేమ లేకపోతే బతకలేవు. కానీ చచ్చినా వాటి చెత్త అందులోనే ఉంటుంది. కాబట్టి ఎండబెట్టాక బయటే దులపాలి, దులిపేది మీరు కాదు, ఇంట్లో వేరేవాళ్లు, మాస్కు కట్టుకుని.

ఈ) చీపురుతో పొడిగా ఊడిస్తే దుమ్ము లేచి మళ్లీ మంచం మీదే పడుతుంది. తడిగుడ్డ పెట్టండి. ఫ్యాను రెక్కలకు పాత గలీబు సంచిలా తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా లోపలే పడుతుంది. సంక్రాంతికి బూజు దులిపే రోజు మీరు ఏదైనా పని పెట్టుకుని బయటికి వెళ్లిపోండి, ఇంట్లోవాళ్లు గొణుక్కున్నా సరే.

ఇక్కడ చాలామంది చేసేది, ఖరీదైన కవరు ఒక్కటి కొనేసి "ఏం తేడా లేదు" అనడం. కవరొక్కదానితో పెద్దగా కాదు. కవరు, వేడినీళ్లు, తడిగుడ్డ మూడూ కలిపి చేయాలి. ఇంకోవైపు, ఇదే వారంలో పాలు మానేసి, పెంపుడు పిల్లిని ఊరికి పంపేసి, కొత్త గోలీ మొదలుపెట్టి, అన్నీ ఒకేసారి చేసేవాళ్లుంటారు. తగ్గితే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? పడక పని ఒక నెల చేసి చూడండి. ఆ తర్వాతే ఇంకోటి.

4. ముక్కు ఉప్పునీళ్లతో కడుక్కోండి

కాచి చల్లార్చిన నీళ్లు పావు లీటరు, అయోడిన్ లేని ఉప్పు అర టీస్పూను కన్నా కొంచెం తక్కువ. దొరికితే చిటికెడు వంటసోడా, మంట తగ్గుతుంది. సింకు మీదికి వంగి, తల పక్కకు వంచి, పై ముక్కులోంచి పోస్తే కింది ముక్కులోంచి రావాలి, గాలి నోటితో పీల్చుకోవాలి. జలనేతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఒక హెచ్చరిక: కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా ముక్కులో పోసుకోవద్దు. తాగితే ఏమీ చేయని ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. అరుదే, కానీ కేరళలో ఈ మధ్య వచ్చిన కేసుల గురించి వినే ఉంటారు. కాచిన నీళ్లే వాడండి, ఏ రోజువి ఆ రోజే.

సరిగ్గా చేశారో లేదో తెలియాలంటే: మంటగా ఉంటే ఉప్పు ఎక్కువో తక్కువో అయింది. చెవులు దిమ్ముగా ఉంటే మరీ గట్టిగా పోశారు లేదా తర్వాత గట్టిగా చీదారు.

5. గోలీ ఎలా వాడాలి

గోలీ తుమ్ముల్ని, దురదని, కారడాన్ని ఆపుతుంది. ముక్కు దిబ్బడకు పెద్దగా పనిచేయదు, ఇది తెలియక జనం డోసు పెంచేస్తుంటారు. అవిల్, సీపీఎం (క్లోర్‌ఫెనిరమిన్) పాతకాలంవి, బాగా మత్తు. వేసుకుని బండి నడపొద్దు. సిట్రిజిన్, లివోసిట్రిజిన్ కొంత నయం, అయినా కొందరికి నిద్ర వస్తుంది, రాత్రి వేసుకోండి. ఫెక్సోఫెనడిన్, లొరాటడిన్, బిలాస్టిన్‌లకు మత్తు తక్కువ. ఫెక్సోఫెనడిన్ పండ్ల రసంతో వేసుకోవద్దు, ఒంటికి సరిగా పట్టదు. బిలాస్టిన్ తిండికి గంట ముందు, లేదా రెండు గంటల తర్వాత. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, చిన్నపిల్లలు డాక్టర్ని అడగకుండా ఏదీ వద్దు.

లివోసిట్రిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన గోలీ మన దగ్గర పప్పుబెల్లాల్లా పోతోంది. దాని మీద నాకు కొంచెం పేచీ ఉంది. మాంటెలుకాస్ట్ కొందరికి పీడకలలు, చిరాకు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు తెస్తుందని 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించింది. పిల్లాడు ఈ గోలీ మొదలయ్యాక రాత్రి ఉలిక్కిపడి లేస్తున్నా, ఎప్పుడూ లేనంత మొండికేస్తున్నా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. పాత చీటీతో నెలల తరబడి కొనుక్కుని మింగే మందు కాదది.

6. ముక్కు స్ప్రే: అందరూ తప్పు కొట్టేది

రోజూ దిబ్బడ ఉండేవాళ్లకు గోలీకన్నా బాగా పనిచేసేది ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ స్ప్రే. స్టెరాయిడ్ అనగానే బాటిల్ వెనక్కి ఇచ్చేసేవాళ్లుంటారు. ఇందులో డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, ముక్కులోనే పనిచేస్తుంది, డాక్టర్ చెప్పినన్నాళ్లు వాడొచ్చు. కానీ కొట్టే పద్ధతి ఇదీ:

బాటిల్ ఊపండి. కొత్తదైతే సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లోకి నొక్కండి. ముక్కు చీది శుభ్రం చేసుకోండి. తల కొద్దిగా ముందుకు వంచండి, వెనక్కి కాదు. కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో పట్టుకోండి, అప్పుడు మొన దానంతటదే బయటివైపుకు, అదే వైపు కంటి బయటి మూలకు తిరుగుతుంది. నొక్కుతూ మెల్లగా పీల్చండి.

గొంతులో చేదు తగిలిందంటే గట్టిగా పీల్చారు, మందు కడుపులోకి పోయింది. రక్తం చుక్కలు పడుతున్నాయంటే మొనను మధ్యగోడకు ఆనించి కొడుతున్నారు. "రెండు రోజులు కొట్టానన్నా, ఏం లాభం లేదు" అంటే అది మందు తప్పు కాదు, పూర్తి గుణం కనబడటానికి వారం రెండు వారాలు పడుతుంది, రోజూ కొట్టాలి.

అలవాటైపోయేది ఇది కాదు, జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ డ్రాప్స్. ఐదు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, అదే మాయ. మూడు రోజులు, మహా అయితే ఐదు. అంతకు మించితే అవి లేకపోతే ముక్కు తెరుచుకోని స్థితి వస్తుంది. మా దగ్గరికి వచ్చే ఒకాయన షర్టు జేబులో పెన్నుతోపాటు ఆ సీసా ఏడాదిపాటు మోశాడు, పెళ్లి భోజనంలో కూడా పక్కకు తిరిగి వేసుకునేవాడు. మాన్పించడానికి డాక్టర్‌కి నెల పట్టింది.

7. టెస్టులు: ఎప్పుడు, ఏవి

నోట్‌బుక్, పడక పని, స్ప్రే అయ్యాక కూడా తగ్గకపోతే స్కిన్ ప్రిక్ టెస్టు చేయించుకోవచ్చు. ముంజేతి మీద చుక్కలు పెట్టి సన్నగా గుచ్చుతారు, 15-20 నిమిషాల్లో ఏ చుక్క దగ్గర దద్దు లేచిందో కొలుస్తారు. వెళ్లే ముందు ఐదు నుంచి ఏడు రోజులు అలర్జీ గోలీలు ఆపాలి, లేకపోతే ఏదీ లేవదు, డబ్బులు వృథా. ఆపలేనివాళ్లకు ఐజీఈ (అలర్జీలో ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) రక్తపరీక్ష ఉంది, దానికి గోలీ అడ్డం కాదు. జుట్టు రంగు, గిల్టు నగలు, బెల్టు బకిల్ దగ్గర దురద వచ్చేవాళ్లకు ఈ రెండూ కాదు, వీపు మీద 48 గంటలు అంటించి ఉంచే ప్యాచ్ టెస్టు.

టెస్టులో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అది మీకు పడదని కాదు. రొయ్యలకు పాజిటివ్ వచ్చి, నిన్న కూడా రొయ్యల కూర సుబ్బరంగా తిన్నారంటే మీ నోట్‌బుక్కే నిజం. 200 రకాల ఆహారాలకు ఐజీజీ టెస్టు (పైన చెప్పిన ఐజీఈ కాదు, వేరే యాంటీబాడీ) అని అమ్మేవి ఉంటాయి, వాటి జోలికి పోకండి. అవి పట్టుకుని వంకాయ, గోంగూర, పెరుగు, పప్పు అన్నీ మానేసి నీరసపడి వచ్చినవాళ్లను చూశాను. ఒక తిండి మీద అనుమానముంటే, అది కూడా చిన్న దురద లాంటిదే అయితే, ఆ ఒక్కటీ రెండు మూడు వారాలు మాని, మళ్లీ తిని చూడండి. వాపో ఆయాసమో వచ్చిన తిండిని మాత్రం ఇంట్లో మళ్లీ పరీక్షించొద్దు.

ఏది పడదో ఖాయంగా తేలి, మందులకు లొంగకపోతే ఇమ్యునోథెరపీ ఉంది, పడనిదాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేస్తారు. మూడు నుంచి ఐదేళ్లు. ఇంజెక్షన్ అయితే వేసిన ప్రతిసారీ అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి, ఇంటికి తెచ్చుకుని ఎవరితోనో వేయించుకునేది కాదు.

ఇవి మాత్రం చేయకండి

సీజన్ రాగానే నడుముకు "ఒక్క సూది" వేయించుకోవడం. నెలంతా హాయిగా ఉంటుంది, అది డిపో స్టెరాయిడ్, అంటే ఒంట్లో నిలిచి మెల్లమెల్లగా విడుదలయ్యే స్టెరాయిడ్ కాబట్టి. ఏటా అదే పని అయితే షుగరు, ఎముకలు రెండూ దెబ్బతినొచ్చు. నీళ్లలా కారే ముక్కుకు యాంటీబయోటిక్ వద్దు. మృగశిర కార్తెకు చేపమందు వేసుకునేవాళ్లతో నేను వాదించను, వేసుకున్నామని ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

పడక పని చేసినన్నాళ్లూ నోట్‌బుక్ రాస్తూనే ఉండండి. ఆ పని మొదలుపెట్టిన నాలుగో వారం చివర, నోట్‌బుక్ మొదటి వారం అంకెలన్నీ కూడండి, చివరి వారానివీ కూడండి. సగానికి తగ్గితే దారి సరైనదే. నాకు పొద్దున 11 తుమ్ములు 3 అయ్యాయి, సున్నా ఎప్పుడూ కాలేదు, ఆ మూడూ నాకు సమ్మతమే. అంకె కదలకపోతే ముందు స్ప్రే పద్ధతి చూసుకోండి, తర్వాత నోట్‌బుక్‌తో సహా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "ఎప్పట్నుంచో ఉంది సార్" అనడం కన్నా ఆ పేజీలు ఎక్కువ చెబుతాయి.

నోట్‌బుక్ చివరి పేజీ ఖాళీగా ఉంచి, మీకు ఎప్పుడైనా ఏదైనా మందు పడకపోతే దాని పేరు, తేదీ, ఏమైందో రాసిపెట్టండి, ఫోటో తీసి ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉంచండి. "ఏదో ఎర్ర గోలీ అన్నా, అప్పుడు ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి" అని చెబితే ఆ గోలీ ఏదో నేను కనుక్కోలేను, రేపు ఆపరేషన్ టేబుల్ దగ్గర మత్తు డాక్టరూ కనుక్కోలేడు.